ధర్మరాజు నకులుణ్ణే ఎందుకు కోరుకున్నాడు

లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ సీసాలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అడుగున పసుప్పచ్చటి పొడి బిళ్లకట్టి ఉంటుంది. మందు 50 మిల్లీగ్రాములు. అందులో 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, అర నిమిషం పాటు చెయ్యి నొప్పెట్టేలా కుదపాలి. పొడి కరిగి పలచటి పసుపు ద్రవం అవుతుంది. దాన్ని సిరంజిలోకి లాగి, ఫిల్టర్ గుండా డెక్స్‌ట్రోస్ బాటిల్‌లోకి పంపాలి. సెలైన్ మాత్రం తగలకూడదు, తగిలితే మందు విరిగిపోతుంది. అలవాటు కొద్దీ చెయ్యి సెలైన్ వైపే పోతుంది కాబట్టి, కొత్తగా చేరిన సిస్టర్లకు ఈ ఒక్క మాట మళ్లీ మళ్లీ చెప్తాను.

నేను హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. మందులు కలపడం, స్టాకు లెక్క చూడటం, వార్డులకు పంపడం నా పని. మాది తెనాలి. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఎండాకాలం సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మాకు భారతం చెప్పేవారు. నేను దేవుణ్ణి నమ్ముతాను. ఆ నమ్మకమూ, ఈ సీసా లెక్కలూ ఒకదానికొకటి ఎదురుపడిన రోజుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు మందు సంగతి. ఆంఫోటెరిసిన్ కొత్తదేమీ కాదు. 1950లలో వెనెజులాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి తీశారు. ఫంగస్ కణం పైపొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టుకుని పొరకు చిల్లులు పెడుతుంది. చిక్కేమిటంటే, మన కణాల పొరల్లో ఉండే కొలెస్టరాల్ దానికి దగ్గరి చుట్టం. అందుకని మందు మన కిడ్నీల మీద కూడా పడుతుంది. సాదా ఆంఫోటెరిసిన్ ఎక్కిస్తుంటే కొందరు మంచం కదిలిపోయేలా వణుకుతారు. పొటాషియం పడిపోతుంది, కిడ్నీల దెబ్బను చూపే క్రియాటినిన్ రోజురోజుకూ పైకి పోతుంది. ఫంగస్ ముందు చస్తుందా, కిడ్నీలు ముందు పోతాయా అని కనిపెట్టుకుని ఉండి వాడాల్సిన మందు.

1960లలో ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహామ్‌లో అలెక్ బంగామ్ అనే శాస్త్రవేత్త, లెసిథిన్ లాంటి కొవ్వు పదార్థాలు నీళ్లలో వాటంతటవే బుడగలుగా మూసుకుపోతాయని గమనించాడు. వాటికే లైపోసోములని పేరు వచ్చింది. ఆ బుడగ గోడలో మందును ఇమిడ్చి ఇస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి ఒక తరం పట్టింది. మా సీసాలోని బుడగ 100 నానోమీటర్ల లోపు ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. ఫంగస్ గోడను చేరేదాకా మందులో ఎక్కువ భాగం ఆ బుడగను వదలదు. కిడ్నీలకు తగిలే దెబ్బ బాగా తగ్గుతుంది. అమెరికాలో దీనికి 1997లో అనుమతి వచ్చింది.

ఇలాంటి మందుల గురించి మాట్లాడేటప్పుడు ప్రయోగశాల నుంచి రోగి పడక దాకా అంటారు. ఆ దారిలో ఎన్ని మెట్లున్నాయో, ఒక్కో మెట్టు దగ్గర ఎన్ని మందులు రాలిపోతాయో మా చదువులో చెప్పారు. ఫార్మసీ కిటికీ నుంచి వార్డు దాకా ఉండే ఆఖరి నడవా గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. 2021 మే నెలలో అంతా ఆ నడవాలోనే ఆగిపోయింది.

ఆ రోజులు అందరికీ గుర్తే. కోవిడ్ తగ్గి ఇంటికెళ్లినవాళ్లు బుగ్గ వాచి, కన్ను ఉబ్బి, ముక్కులోంచి నల్లటి స్రావంతో తిరిగొచ్చేవారు. చాలామందికి షుగరు, దాని మీద స్టెరాయిడ్లు. అంతకుముందు ఎప్పుడో ఒకటీ అరా చూసిన మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) కేసులు వార్డును నింపేశాయి. దేశం మొత్తం మీద 40 వేలు దాటాయి. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ జబ్బుకే కేటాయించారు. కుళ్లిన భాగాన్ని సర్జరీ చేసి తీసేయాలి, ఒక్కోసారి కన్ను కూడా. ఆపైన వారాల తరబడి ఆంఫోటెరిసిన్. 60 కిలోల మనిషికి కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 6 సీసాలు. మూడు వారాలకు 126. ఒక్కో సీసా వేల రూపాయలు. డబ్బున్నా దొరికేది కాదు. రోజూ రోగుల జాబితాకు కేస్‌షీట్లు జతచేసి పైకి పంపేవాళ్లం. అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా రాని రోజులున్నాయి.

ఎవరికి ఇవ్వాలి?

మొదట తోచే జవాబు, అందరికీ తలాకొంచెం. మనసుకు హాయిగా ఉంటుంది, ఎవరినీ కాదనక్కర్లేదు. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడున్నాడు. 48 రోజులు తిండీ నీళ్లూ లేక, చివరికి దొరికిన అన్నాన్ని వచ్చినవాళ్లకు వచ్చినట్టు పంచేసి, గొంతు తడుపుకోబోయిన నీళ్లు కూడా దాహమన్నవాడికి ఇచ్చేశాడు. చిన్నప్పుడు నాన్నగారు ఆ కథ చెప్తుంటే నాకు ఏడుపొచ్చేది. కానీ ఆ మే నెలలో రంతిదేవుడు నాకు దారి చూపలేదు. ఆయన ఇచ్చినది ఆయన సొంతం. నా చేతిలో ఉన్నది నాది కాదు. నేను ఆకలితో ఉండి ఎవరికీ పెట్టడం లేదు. త్యాగం చేసే అవకాశమే లేనివాళ్లకు త్యాగమూర్తి కథ ఎలా పనికొస్తుంది? ఇంకొకటి, అన్నాన్ని సగం చేస్తే సగం అన్నం, ఆ పూటకు ప్రాణం నిలుస్తుంది. మందును పావు చేస్తే ఫంగస్ ఆగదు. ఆరు సీసాలను ఆరుగురికి పంచితే ఆరుగురికీ ఇచ్చామన్న తృప్తి మాకు, ఆరుగురికీ జబ్బు ముదరడం వాళ్లకు. సమానంగా పంచడం అన్నిచోట్లా న్యాయం కాదని ఆ సీసాల ముందు నిలబడ్డాకే నాకు పూర్తిగా తెలిసొచ్చింది.

రెండో జవాబు మా దగ్గరికి ఫోన్ల రూపంలో వచ్చేది. ఫలానా వారి బావమరిది, ఫలానా ఆఫీసరుగారి మావయ్య. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ ఒక్కో సిఫారసు వెనకాల, ఎవరికి ఫోన్ చేయాలో తెలియని ఇంకో కుటుంబం ఉంటుంది. దాని గురించి ఇంతకంటే రాయను.

మూడోది తలరాత. ఈ జవాబు దగ్గర ఆగాలి, ఎందుకంటే ఇది దేవుడి పేరుతో వస్తుంది. వార్డు బయట కూర్చున్న కుటుంబాల నోట ఈ మాట ఎక్కువగా విన్నాను. "మా రాత గిట్లుంది బిడ్డా, నువ్వేం జేస్తవ్" అని ఒక తల్లి నన్నే ఓదార్చింది. బాధపడేవాళ్లు ఆ మాట అనుకుని కాస్త ఊపిరి పీల్చుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అదే మాటను మందు పంచేచోట కూర్చున్నవాళ్లు అంటే మాత్రం అది పాపమనే అంటాను. కర్మ సిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. నేను చేసినదానికి నేనే బాధ్యురాలినని అది నాకు చెప్తుంది. ఎదుటి మనిషి కష్టానికి వాళ్ల పూర్వజన్మను చూపించి చేతులు కడుక్కోమని చెప్పదు. సీసాలు తక్కువ పడటం ఎవరి పూర్వజన్మ ఫలమూ కాదు. ఆ బుడగ తయారీకి కావాల్సిన కొవ్వు పదార్థాలను తగినంత శుద్ధితో తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో కొద్ది. మనదేశంలో ఈ మందు చేసేవారూ అప్పటికి కొద్దిమందే, ఇంత అవసరం పడుతుందని ఎవరూ నిల్వ పెట్టలేదు. ఇవన్నీ మనుషులు తీసుకున్న, తీసుకోని నిర్ణయాలు.

నాలుగో జవాబు చాలా గౌరవమైన చోటునుంచి వచ్చింది. జూన్ 1న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఈ కొరత మీద విచారణ చేస్తూ, అందరికీ సరిపోనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలో కేంద్రం ఒక విధానం చెప్పాలంది. బతికే అవకాశం ఎక్కువున్నవారికి, వృద్ధుల కంటే ముందు చిన్నవయసువారికి ప్రాధాన్యం ఉండాలని అభిప్రాయపడింది. పెద్దల ప్రాణానికి విలువ తక్కువని తమ ఉద్దేశం కాదని కూడా చెప్పింది. ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదని ధైర్యంగా బయటికి అన్నందుకు ఆ న్యాయమూర్తుల మీద నాకు గౌరవమే. బతికే అవకాశం చూడమనడం వైద్యం. వయసు చూడమనడం దగ్గర నేను ఒప్పుకోలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మా వార్డులో ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అరవై దాటిన మనిషి, ఇరవై ఏళ్ల షుగరు, క్రియాటినిన్ అప్పటికే రెండు దాటింది. రెండోవాడు సెంట్రింగ్ పని చేసే కుర్రాడు, ముప్పై లోపే. ఇద్దరు చిన్నపిల్లలు. కోవిడ్‌లో స్టెరాయిడ్లు వాడాకే షుగరు బయటపడింది. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఇద్దరికీ సర్జరీ అయింది. ఆ రోజు వచ్చిన లైపోసోమల్ మందు, మేం లైపో అనేది, ఒక్కరికే సరిపోతుంది.

వయసు చూస్తే కుర్రాడికివ్వాలి. పిల్లలు, భార్య, ముందున్న జీవితం, ఎవరైనా అదే అంటారు. మందు ఎవరికివ్వాలో తేల్చే మా కమిటీలో ఈఎన్‌టీ సర్జనుగారు, ఫిజిషియన్‌గారు, ఐసీయూ డాక్టరుగారు, నేను. ఫిజిషియన్‌గారు ఒక ప్రశ్న వేశారు. లైపో దొరక్కపోతే ఎవరికి ఇంకో దారి ఉంది? కుర్రాడి కిడ్నీలు సాదా ఆంఫోటెరిసిన్‌ను తట్టుకుంటాయి. ముందు సెలైన్ బాగా ఎక్కించి, నెమ్మదిగా మందు ఇచ్చి, పొటాషియం రోజూ చూసుకుంటే సరిపోతుంది. వణుకు వస్తుంది, బాధపడతాడు, కానీ దాటగలడు. కండక్టరుగారికి అదే మందు ఇస్తే నాలుగు రోజుల్లో డయాలిసిస్. ఆయనకు లైపో తప్ప మరో దారి లేదు. సీసాలు ఆయనకే వెళ్లాయి.

కుర్రాడి తల్లి నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఇందాక చెప్పిన ఆ తల్లే. ఈసారి రాత అనలేదు. "ముసలాయనకేమో మంచి మందు, నా పోరనికేమో ఉత్త మందా?" అంది. నేను బయటికొచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. "పెద్దమ్మా, మీ అబ్బాయి కిడ్నీలు గట్టిగున్నయి, ఈ మందును ఆపుకుంటయి. ఆయనవి ఆపుకోవు" అని చెప్పాను. రోజూ రక్తపరీక్ష చూసి, కిడ్నీ మీద ఒత్తిడి కనబడిన రోజున లైపోకు మారుస్తామని కాగితం మీద రాసి చూపించాను. ఆమె చదువుకోలేదు, కోడలు చదివి వినిపించింది. కోపం తగ్గిందని చెప్పను. కానీ రోజూ పొద్దున్నే వచ్చి "ఇయ్యాల రిపోర్టు ఎంతొచ్చింది?" అని అడిగేది. అడగడం ఆమె హక్కు, చెప్పడం నా బాధ్యత. ఆ కుర్రాడు వణికి, వాంతులు చేసుకుని, చిక్కిపోయి, బతికి ఇంటికెళ్లాడు. కండక్టరుగారు ఒక కన్ను పోగొట్టుకున్నారు, కిడ్నీలు నిలిచాయి.

సీసాలు కండక్టరుగారికి వెళ్లిన రాత్రే నాకు యక్షప్రశ్నలు గుర్తొచ్చాయి. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వ శేషంలో ఉంది ఆ ఘట్టం. చెరువు ఒడ్డున ధర్మరాజు నలుగురు తమ్ముళ్లూ ప్రాణం లేకుండా పడి ఉన్నారు. ప్రశ్నలన్నీ అయ్యాక యక్షుడు ఒక్కణ్ణే బతికిస్తాను, కోరుకో అంటాడు. ఆ ప్రశ్నలకిచ్చిన జవాబులను మనం సుభాషితాల్లా చెప్పుకుంటాం. నా మటుకు నాకు అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఒక్క సీసా, నలుగురు మనుషులు. ముందు యుద్ధముంది. గెలవాలంటే అర్జునుడు కావాలి, కాదంటే భీముడు కావాలి. యక్షుడు కూడా అదే అడిగాడు, వాళ్లిద్దరినీ వదిలి నకులుణ్ణి కోరుకుంటావేమని. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి కదా అన్నాడు ధర్మరాజు.

చాలాకాలం నేను దీన్ని సవతితల్లి మీద గౌరవంగా మాత్రమే అర్థం చేసుకున్నాను. ఇప్పుడు వేరుగా వినిపిస్తోంది. ధర్మరాజు ఎవరు గొప్పవాడని చూడలేదు. ఎవరు పనికొస్తారని చూడలేదు. తనకు ఎవరు ఎక్కువ ఇష్టమనీ చూడలేదు. ఇవ్వకపోతే ఎవరికి ఏమీ మిగలదు అని చూశాడు. కుంతికి ఇంకో దారి ఉంది, మాద్రికి లేదు. మా ఫిజిషియన్‌గారు వేసిన ప్రశ్న అదే. ఈ మందు ఎవరికి పనిచేస్తుంది అన్నది డాక్టరు తేల్చగలడు. ఇది తప్ప వేరే దారి లేనిది ఎవరికన్నదీ తేల్చగలడు. ఎవరి ప్రాణం ఎక్కువ విలువైనదన్నది తేల్చే పని మనిషికి అప్పజెప్పలేదని నా నమ్మకం. ఆ మూడో ప్రశ్నను మొదటి రెండింటిలో కలిపేసినప్పుడే తప్పు జరుగుతుంది. వయసు అనే అంకె దాన్ని కలిపేస్తుంది.

అయితే అన్ని రోజులూ ఇలా తేలవు. ఇద్దరికీ కిడ్నీలు బాగాలేవు, ఇద్దరికీ కంటిదాకా వచ్చింది, మందు ఒకరికే. అలాంటి రోజున కమిటీ చీటీలు వేయాలనుకుంది. ఒక డాక్టరుగారు ఇది జూదం అన్నారు. నేను చీటీల పక్షానే మాట్లాడాను. ఇద్దరిలో ఒకరిని ఎంచడానికి వైద్యంలో కారణం దొరకనప్పుడు, లేని కారణాన్ని కల్పించడం కంటే ఎంచే హక్కు మాకు లేదని ఒప్పుకోవడం నిజాయితీ. డ్యూటీ సిస్టర్ చీటీ తీసేముందు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. కానీ రిజిస్టరులో కమిటీ నిర్ణయమని రాసి నలుగురం సంతకాలు పెట్టాం. దేవుడు తేల్చాడని కుటుంబాలకు చెప్పలేదు. చీటీ రానాయన సాదా మందుతో బతికారు గానీ, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఆయన భార్యకు విషయమంతా సర్జనుగారే ఎదురుగా కూర్చుని చెప్పారు. న్యాయంగా చేశామన్నది ఆమెకు ఏమాత్రం ఓదార్పు కాదు, కావాలని ఆశించే అర్హత కూడా మాకు లేదు.

యక్షుడి కథలో ఆఖరున నలుగురూ లేచి కూర్చుంటారు. దాన్ని ధర్మరాజుకు దొరికిన బహుమతిగా చెప్తారు. నేను అక్కడ ఇంకొకటి చూస్తాను. ఆ యక్షుడు యమధర్మరాజే. ఎంపిక న్యాయంగా జరిగింది, అక్కడితో చాలనలేదు. ఒక్కణ్ణే ఇస్తానన్న షరతునే ఎత్తేశాడు. కొరతలో న్యాయంగా పంచడం ధర్మంలో సగమే, కొరతను తీసేయడం మిగతా సగం. అది యముడు చేయాల్సిన పని కాదు. మనుషులు చేసి చూపించారు కూడా.

బీహార్‌లో కాలా అజార్ ఉంది. ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు, మట్టి ఇళ్లలో ఉండే నిరుపేదలను పట్టుకుంటుంది. జ్వరం, ఉబ్బిన ప్లీహం, వైద్యం లేకపోతే మరణం. బెనారస్ హిందూ యూనివర్సిటీకి చెందిన డాక్టర్ శ్యామ్ సుందర్ బృందం ముజఫర్‌పూర్‌లో ఇదే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌ను కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే ఒక్కసారి ఇచ్చి చూసింది. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే 95.7 శాతం మందికి నయమైంది. పాత పద్ధతిలో రోజు విడిచి రోజు 15 సార్లు సాదా మందు ఎక్కించుకుంటూ దాదాపు నెలరోజులు ఆసుపత్రిలో పడుండాలి. ఇక్కడ ఒక్కరోజు. 2011లో తయారీ కంపెనీ గిలియడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థకు అయిదేళ్లలో 4,45,000 సీసాలు ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. 2014 నుంచి మన ప్రభుత్వం ఒక్క డోసు పద్ధతిని చేపట్టింది. కూలికి వెళ్లే 40 కిలోల మనిషికి 8 సీసాలు, ప్రభుత్వాసుపత్రిలో, డబ్బు అడగకుండా. అంత ఖరీదైన నానో మందు దేశంలో అందరికంటే పేదవాడి దాకా నడిచింది. నడిపించారు కాబట్టి నడిచింది.

2021లో కూడా చివరికి అదే జరిగింది. మే నెలలో మరో అయిదు కంపెనీలకు తయారీ లైసెన్సులు ఇచ్చారు, వాటిలో మన హైదరాబాద్ నాట్కో ఒకటి. జూన్ 12న జీఎస్టీ ఎత్తేశారు. జూన్ నెలాఖరుకు మా అలమరాలో సీసాలు నిలవడం మొదలైంది. చేయాల్సినవారు చేయగలరని దీన్నిబట్టే తెలుస్తోంది. ముందే చేసి ఉంటే ఆ చీటీ ఎవరూ తీయక్కర్లేకపోయేది. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు, చల్లారకూడదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు కొవ్వు బుడగల్లో కొత్త కొత్త మందులు వస్తున్నాయి. క్యాన్సరుకు, వారసత్వంగా వచ్చే నరాల జబ్బుకు, టీకాలకు. కొన్నింటి ధర చూస్తే గుండె ఆగుతుంది. మా ఆసుపత్రిలో కొత్త మందును జాబితాలో చేర్చాలంటే డ్రగ్ కమిటీకి ఒక ఫారం నింపివ్వాలి. అందులో ధర, నిల్వ పద్ధతి, దుష్ప్రభావాలు రాయడానికి గడులున్నాయి. ఈ మందు తక్కువ పడితే ఎవరికి ముందు, ఎవరికి ఇంకో దారి ఉంది, ఆ విషయం కుటుంబానికి ఎవరు చెప్తారు అన్న గడి కూడా ఒకటి పెట్టమని అడిగాను. మంచం మీద ఎవరూ లేనప్పుడే, ఏ ముఖమూ కళ్లముందు లేనప్పుడే అది రాసి ఉండాలన్నాను. కొంత వాదన జరిగింది. గడి పెట్టారు. చాలా ఫారాలు అక్కడ ఖాళీగానే వస్తున్నాయి. వాటిని నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపుతున్నాను.